దవడ కీలు నొప్పికి లేజర్ లైట్ పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ప్యాకేజీకి డబ్బు కట్టాలా వద్దా?

సింధు_వైజాగ్:
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. నాకు కుడి చెవికి సరిగ్గా ముందు, దవడ కీలు దగ్గర చాలా కాలంగా నొప్పి. మొదట్లో చెవిపోటు అనుకుని ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాం, చుక్కల మందు వేశారు, చివరికి చెవిలో ఏమీ లేదన్నారు. జ్ఞానదంతం ఏమోనని ఎక్స్‌రే తీయించాం, అదీ కాదు. ఇప్పుడు టీఎంజే, అంటే దవడ కీలు ప్రాబ్లం అంటున్నారు. పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుపోయి ఉంటుంది, నోరు తెరిస్తే టక్కుమంటుంది, రెండో చపాతీ తినేసరికి కణత దాకా లాగేస్తుంది. బ్యాంకులో పని నాది, క్వార్టర్ ఎండింగ్ వచ్చిందంటే ఇంకా ఎక్కువ. రాత్రి పళ్లు కొరుకుతున్నానని మా ఆయన చెబితే పడుకునేటప్పుడు పళ్లకి తొడుక్కునే నైట్ గార్డ్ చేయించుకున్నాను, రోజూ పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు మా దగ్గర్లో ఒక క్లినిక్‌లో లేజర్ లైట్ థెరపీ అన్నారు. 12 సిట్టింగుల ప్యాకేజీ, ముందే మొత్తం కట్టేస్తే డిస్కౌంట్, నొప్పి శాశ్వతంగా పోతుంది అన్నారు. ఏ రకం లైట్ అని అడిగితే "అడ్వాన్స్‌డ్ మేడమ్" అన్నారు అంతే. కట్టాలా? ఎవరికైనా తగ్గిందా?

రఘు_మియాపూర్:
సింధు గారూ, నేను చేయించుకున్నాను. నాకు రెండు వైపులా ఉండేది. కుర్చీలో వెనక్కి వాల్చి కళ్లకు నల్ల అద్దాలు పెడతారు, పెన్నులాంటి ప్రోబ్‌ని చెవి ముందు కీలు మీద ఆనించి పట్టుకుంటారు, నోరు కొంచెం తెరవమంటారు, టైం అయిపోగానే మెషీన్ బీప్ అంటుంది, అప్పుడు అక్కణ్నుంచి దవడ కండరం మీదికి, తర్వాత కణత మీదికి జరుపుతారు. వేడి తెలియదు, మంట లేదు, మొత్తం కాసేపట్లో అయిపోతుంది. గడ్డం ఉంటే తీసేసి రమ్మన్నారు, వెంట్రుకలు వెలుతురుని ఆపేస్తాయట.

నాకు మాత్రం పనిచేసింది. మొదట్లో తేడా ఏం తెలియలేదు కానీ పోనుపోను నొప్పి సగానికి సగం తగ్గింది, ఆవలింత వస్తే భయం వేయకుండా తెరవగలిగాను. అయితే ఆపేశాక, ఆఫీసులో రిలీజ్ టెన్షన్ మొదలయ్యాక మళ్లీ వచ్చింది. అందుకే శాశ్వతం అనే మాట నమ్మకండి. తగ్గడం నిజం, నిలబడటం వేరే సంగతి.

కిరణ్_బెంగళూరు:
డబ్బు కట్టే ముందు ఒక విషయం తెలుసుకోండి. 2023 డిసెంబర్‌లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో మూడు నెలలు దాటిన దవడ కీలు నొప్పికి ఏ వైద్యం మంచిది అని ఒక గైడ్‌లైన్ వచ్చింది. అంతర్జాతీయ ప్యానెల్, నొప్పి ఉన్న పేషెంట్లు కూడా అందులో ఉన్నారు. గట్టిగా చేయమన్నవి ఏంటంటే థెరపిస్టు దగ్గర ఉండి చేయించే దవడ వ్యాయామాలు, స్ట్రెచింగులు, చేత్తో కీలుని కదిపించడం, కండరాల్లో ముడులు పడ్డ చోట నొక్కి వదిలించడం, మెడ-భుజాల భంగిమ సరిచేసే వ్యాయామాలు, ఇంకా సీబీటీ, అంటే నొప్పి గురించి మన ఆలోచన, అలవాటు మార్చుకునే కౌన్సెలింగ్. లో లెవెల్ లేజర్ మాత్రం "షరతులతో వద్దు" అన్న జాబితాలో ఉంది, ఒంటరిగా చేసినా వేరేవాటితో కలిపినా సరే. అంటే మామూలుగా వద్దు, కానీ ఎవరికీ ఎప్పుడూ వద్దు అని కాదు. అదే జాబితాలో మామూలు నైట్ గార్డ్, కీలులోకి ఇంజెక్షన్లు, బొటాక్స్, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ మందు కూడా ఉన్నాయి.

అంటే జనం డబ్బు పోసేవన్నీ దాదాపు ఆ "వద్దు" జాబితాలోనే ఉన్నాయి, పెద్దగా ఖర్చు లేనివి "చెయ్యండి" జాబితాలో ఉన్నాయి. క్లినిక్‌వాళ్లు ఈ సంగతి చెప్పరు, నాకు కోపం వచ్చేది అక్కడే.

రఘు_మియాపూర్:
కిరణ్, గైడ్‌లైన్ సరే. మరి నాకు తగ్గింది కదా, నోరు తెరుచుకుంది కదా, అదంతా నా భ్రమ అంటావా? నొప్పి భరించేవాడికి పత్రికలో ఏముందో చెబితే సరిపోదు తమ్ముడూ.

కిరణ్_బెంగళూరు:
భ్రమ అనడం లేదన్నా. మీకు తగ్గింది, నమ్ముతున్నాను. లైట్ వల్లే తగ్గిందా అనేది వేరే ప్రశ్న అంటున్నా, అంతే. ఈ నొప్పి తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, బాగా పెరిగినప్పుడే మనం డాక్టరు దగ్గరికి వెళ్తాం, ఆ తర్వాత ఏం చేసినా కొంత తగ్గుతుంది. లేజర్ ట్రయల్స్‌లో మెషీన్ ఆపేసి ఉత్తుత్తి ప్రోబ్ పెట్టిన గ్రూపులో కూడా నొప్పి తగ్గిన సందర్భాలు ఉన్నాయి. ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనిపించదు, వేడీ తెలియదు, కాబట్టి ఏది అసలో ఏది ఉత్తుత్తిదో పేషెంటుకి తెలిసే దారి లేదు.

డా_దంతగోదావరి:
నేను ఓరల్ మెడిసిన్‌లో, అంటే ఆపరేషన్ లేకుండా నోటి, దవడ జబ్బులు చూసే విభాగంలో ఎండీఎస్ చేశాను, దవడ నొప్పులవాళ్లని రోజూ చూస్తాను. మా క్లినిక్‌లో డయోడ్ లేజర్ ఉంది, నేను వాడతాను, ఆ సంగతి ముందే చెబుతున్నాను కాబట్టి నా మాటను అది గుర్తుపెట్టుకుని చదవండి. కిరణ్ చెప్పింది కరెక్టే. రఘు గారు చెప్పింది కూడా అబద్ధం కాదు.

ముందు అసలు ఈ వెలుతురు ఏం చేస్తుందో. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు బొచ్చు గొరిగిన ఎలుకల మీద తక్కువ పవర్ రూబీ లేజర్ వేశారు, కేన్సర్ వస్తుందా అని చూడటానికి. కేన్సర్ రాలేదు, లేజర్ వేసిన ఎలుకలకు మాత్రం బొచ్చు త్వరగా పెరిగింది. అక్కడ మొదలైంది ఈ వైద్యం. ఇప్పుడు దీన్ని ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏంటంటే, ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పీల్చుకుంటుంది, దాంతో కణానికి శక్తి తయారీ పెరుగుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తప్రసరణ కొంత పెరుగుతుంది, వాపు రసాయనాలు తగ్గుతాయి. కోయడానికి, కాల్చడానికి వాడే సర్జికల్ లేజర్ ఇది కాదు.

ఇది ఉత్త మాయ అని కొట్టిపారేయకండి. కీమోథెరపీ, రేడియేషన్ తీసుకునే కొందరు కేన్సర్ పేషెంట్లకి నోరంతా పుండ్లు పడకుండా ముందే ఇదే కాంతి పెట్టమని, కేన్సర్ పేషెంట్ల ఇబ్బందులు తగ్గించే వైద్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఎంఏఎస్‌సీసీ గైడ్‌లైన్ చెబుతోంది. అక్కడ ఆధారం గట్టిగా ఉంది. దవడ కీలు దగ్గరికి వచ్చేసరికి అంత గట్టిగా లేదు. ఎందుకంటే ఒక్కో ట్రయల్‌లో ఒక్కో తరంగదైర్ఘ్యం, ఒక్కో డోసు, ఒక్కో చోట పెట్టారు, పేషెంట్లు తక్కువ, కండరం నొప్పివాళ్లనీ కీలు అరిగినవాళ్లనీ కలిపేశారు. పైగా ఈ కాంతికి డోసు కూరలో ఉప్పులాంటిది, తక్కువైతే పనిచేయదు, మితిమీరితే ఉన్న ఫలితం కూడా పోతుంది.

ఇక నొప్పి ఎక్కణ్నుంచి అనేది. టీఎంజే అనేది కీలు పేరు, జబ్బు పేరు కాదు, దవడలు ఉన్న అందరికీ టీఎంజేలు ఉంటాయి. జబ్బు మూడు నాలుగు రకాలు. కండరం పట్టేసి నొప్పి రావచ్చు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. కీలు మధ్య మెత్తటి డిస్క్ ముందుకి జారి, తెరిచినప్పుడు మళ్లీ ఎక్కుతూ టక్కుమనవచ్చు. జారిన డిస్క్ ఎక్కకుండా అడ్డుపడి నోరు తెరుచుకోకపోవచ్చు. కీలు అరగవచ్చు. సింధు గారూ, ఒక చిన్న పరీక్ష: మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మూడూ కలిపి నిలువుగా పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పడుతున్నాయా? మామూలుగా నోరు 40 మిల్లీమీటర్ల దాకా తెరుచుకోవాలి, అంటే మన మూడు వేళ్లు. నొప్పి లేని టక్కు శబ్దం ఒక్కటే ఉంటే వైద్యం అక్కర్లేదు, దానికి ఎంఆర్ఐ కూడా అక్కర్లేదు.

కామేశ్వరి_రాజమండ్రి:
డాక్టరు బాబూ, బాగా చెప్పావు. అమ్మాయ్ సింధూ, మా చిన్నప్పుడు దవడ పట్టేస్తే మా అమ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టేది, ఓ వారం గంజన్నం, పెరుగన్నం, ఉడికించిన కూరలు. జంతికలు, చెగోడీలు, చెరుకు ముక్కలు ముట్టుకోనిచ్చేది కాదు. నాకు అరవై దాటాయి, ఇప్పటికీ సంక్రాంతికి చెరుకు కొరికితే రెండు రోజులు బాధ పడతాను, అందుకే మానేశాను.

నాదొక సందేహం. మా వీధిలో ఫిజియోథెరపీ సెంటర్‌లో మోకాళ్లకి ఎర్ర బల్బు పెడతారు, వెచ్చగా ఉంటుంది. ఈ లేజరూ అదీ ఒకటేనా? ఒకటే అయితే అంత డబ్బు ఎందుకు?

ఫిజియో_లత:
కామేశ్వరి గారూ, నమస్తే. రెండూ వేరు. ఎర్ర బల్బు అంటే ఇన్‌ఫ్రారెడ్ ల్యాంప్, దాని పని వేడి ఇవ్వడం, మీ అమ్మగారి ఉప్పు మూట చేసే పనే అది కూడా చేస్తుంది. కండరం పట్టేస్తే వేడి చాలా హాయిగా ఉంటుంది, వేడితో కండరం కొంచెం వదిలాక వ్యాయామం చేస్తే ఇంకా మంచిది. లేజర్‌లో ఒకే తరంగదైర్ఘ్యం, మామూలుగా 808, 810, 830, 904, 980 నానోమీటర్లు, ఇలా ఏదో ఒకటి ఉంటుంది, తక్కువ పవర్‌లో వేడి పుట్టించడం దాని ఉద్దేశం కాదు. ఇప్పుడు పది వాట్ల క్లాస్ 4 (లేజర్ల ప్రమాద తరగతుల్లో అన్నిటికన్నా పైది) లేజర్లు కూడా వస్తున్నాయి, వాటితో వెచ్చదనం తెలుస్తుంది, ఒకే చోట ఆపితే చర్మం కాలుతుంది కూడా. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎక్కువ పవర్ పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త, తెల్లవాళ్లకి రాసిన సెట్టింగ్ అలాగే పెట్టేయకూడదు.

సింధు గారూ, ఆ క్లినిక్‌వాళ్లని తరంగదైర్ఘ్యం ఎంత, పవర్ ఎంత, ఒక్కో పాయింటు మీద ఎన్ని సెకన్లు అని అడగండి. లెక్క కష్టం కాదు. 100 మిల్లీవాట్లు అంటే 0.1 వాట్, దాన్ని 60 సెకన్లతో గుణిస్తే 6 జౌళ్ల శక్తి. ప్రోబ్ కొన అర చదరపు సెంటీమీటరు అయితే చదరపు సెంటీమీటరుకి 12 జౌళ్లు పడ్డట్టు. ఇది చెప్పలేనివాళ్లు మందు పేరు చెప్పకుండా చిట్టీ రాసినట్టే లెక్క. ప్రోబ్ చర్మానికి ఆనించి కొంచెం నొక్కి పెట్టాలి, దూరం నుంచి టార్చిలైట్ వేసినట్టు వేస్తే కొంత వెలుతురు వెనక్కి పోతుంది. ఇంకోటి, కీలు చెవి ముందే చర్మం కిందే ఉంటుంది కాబట్టి అక్కడికి కాంతి అందుతుంది, బుగ్గ మీది పెద్ద కండరానికీ అందుతుంది, లోపల దవడ ఎముక వెనక ఉండే కండరానికి చేరేది చాలా తక్కువ. కొందరికి నొప్పి ఆ లోపలి కండరంలో కూడా ఉంటుంది.

అద్దాల సంగతి కూడా చెబుతాను, చాలాచోట్ల నిర్లక్ష్యం చేస్తున్నారు. 5 నుంచి 500 మిల్లీవాట్ల దాకా క్లాస్ 3బి, అంటే నేరుగా కంటికి తగిలితే ప్రమాదం అనే తరగతి. ఇన్‌ఫ్రారెడ్ కిరణం కనిపించదు కాబట్టి కంటిలోకి పోయినా రెప్ప వాలదు, రెటీనా దెబ్బతినేదాకా తెలియదు. పేషెంటుకీ పెట్టేవాళ్లకీ ఇద్దరికీ ఆ తరంగదైర్ఘ్యం రాసి ఉన్న గాగుల్స్ ఉండాలి. మామూలు కూలింగ్ గ్లాస్ ఇస్తే లేచి వచ్చేయండి. కణతకి కన్ను ఎంత దగ్గరో చూడండి.

సింధు_వైజాగ్:
అమ్మో, ఇంత ఉందా. లత గారూ, మరి వ్యాయామం అంటే ఏం చేయాలి? నాకు ఎవరూ చెప్పలేదు. మూడు వేళ్లు పెట్టి చూశాను, రెండున్నర పడుతున్నాయి, మూడోది పెడితే లాగుతోంది.

ఫిజియో_లత:
రెండున్నర అంటే భయపడాల్సినది కాదు, పని మాత్రం ఉంది. ఒక్కసారి ఎవరికైనా చూపించుకుని చేయాలి, అయినా మొదలుపెట్టడానికి ఇవి చాలు.

నాలుక కొనని పై పళ్ల వెనక అంగిలికి ఆనించండి, "న" అనేటప్పుడు ఆనే చోటు. పెదాలు మూసి ఉండాలి, పై పళ్లూ కింది పళ్లూ తగలకూడదు. రోజంతా దవడ ఉండాల్సిన తీరు ఇదే. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పళ్లు ఒకదానికొకటి తగలకూడదు అనే సంగతి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరికీ తెలియదు, కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ బిగబట్టే ఉంటారు. మీ మానిటర్ అంచుకి ఒక చిన్న రంగు స్టిక్కర్ అంటించండి, అది కంటపడినప్పుడల్లా పళ్లు విడదీయండి. క్వార్టర్ ఎండింగ్‌లో ఎక్కువ అన్నారు కదా, మీకు రాత్రి కొరకడం కన్నా పగలు బిగించడమే ఎక్కువ ఉందేమో గమనించండి.

ఆ నాలుక అంగిలి మీంచి జారకుండా నోరు నెమ్మదిగా తెరిచి మూయండి. అద్దం ముందు చేయండి, గడ్డం ఒక పక్కకి పోతుంటే తెలుస్తుంది, నిటారుగా దిగేలా సరిచేసుకోవాలి. తర్వాత గడ్డం కింద బొటనవేలు పెట్టి కొంచెం అడ్డం నొక్కుతూ తెరవండి. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాదో పేరు మీద ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకి ఆరు విడతలు అనే పద్ధతి ఉంది, దాంట్లో మెడవి, భుజాలవి కూడా ఉన్నాయి, మెడ ముందుకి వంగి ఉంటే దవడ కండరాలు లాగుతాయి కాబట్టి. బుగ్గ కండరాన్ని లోపల బొటనవేలు, బయట రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా నొక్కి వదలండి, నొప్పి పదికి నాలుగు దాటనివ్వకండి. చేసిన మర్నాడు పొద్దున నొప్పి పెరిగి ఉంటే డోసు తగ్గించాలి, మానేయక్కర్లేదు.

శ్రీను_డాలస్:
ఇక్కడ అమెరికా సంగతి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఇంటికి డివైసులు తెప్పించుకుంటున్నారు. మా ఆవిడకి ఇదే నొప్పి. డెంటల్ ఇన్సూరెన్స్‌వాడు ఇది మెడికల్ అంటాడు, మెడికల్ వాడు డెంటల్ అంటాడు. 2020లో ఇక్కడి శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీస్ ఈ జబ్బు మీద పెద్ద రిపోర్టు ఇచ్చింది, దాంట్లో కూడా ఇదే రాశారు, పేషెంటు డెంటిస్టుకీ డాక్టరుకీ మధ్య నలిగిపోతున్నాడని. ఆ విసుగులో ఎవరైనా ముఖానికి పెట్టుకునే ఎల్ఈడీ లైట్ మాస్కు గానీ, లైట్ ప్యానెల్ గానీ కొనేస్తారు. "ఎఫ్‌డీఏ క్లియర్డ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అంటే ఇక్కడ మందులు, వైద్య పరికరాలు చూసే ప్రభుత్వ సంస్థ ఒప్పుకుందని. ఆ క్లియరెన్స్ అంటే మార్కెట్లో ఇంతకుముందే ఉన్న వస్తువుతో పోలిక ఉందని ఒప్పుకోవడం, అంతే, దవడ కీలు జబ్బు నయం చేస్తుందని సర్టిఫికెట్ కాదు. చాలావాటి మీద కండరాల నొప్పికి తాత్కాలిక ఉపశమనం అని మాత్రమే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో.

ముఖం మాస్కులు చర్మానికి తయారుచేసినవి, ఎరుపు కాంతి పైపైనే ఆగిపోతుంది. ప్యానెల్ ముందు అడుగు దూరంలో కూర్చుంటే కీలు దాకా ఎంత పోతుందో డబ్బా మీద ఎవరూ రాయరు.

ఒక పాత సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1980ల్లో ఇక్కడ వైటెక్ అనే కంపెనీ ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ ఇంప్లాంట్లు దవడ కీలులో పెట్టించింది. అవి కీలులో చిరిగిపోయి ముక్కలై చుట్టూ ఎముకని తినేశాయి, 1990ల మొదట్లో ఎఫ్‌డీఏ వెనక్కి తీయించింది. అవి పెట్టించుకున్నవాళ్లలో చాలామంది ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. లైట్‌ని దాంతో పోల్చడం లేదు, లైట్ వల్ల అలాంటి హాని లేదు. దవడ కీలు విషయంలో వెనక్కి తీసుకోలేని పని దేనికీ తొందరపడొద్దు అంటున్నా.

డా_దంతగోదావరి:
శ్రీను గారి చివరి మాటకి నూటికి నూరు మార్కులు. బీఎంజే గైడ్‌లైన్‌లో కూడా గట్టిగా వద్దన్నవి అలాంటివే: పళ్ల కాటు శాశ్వతంగా మార్చేసే స్ప్లింట్లు (పళ్ల తొడుగులు), డిస్క్ తీసేసే ఆపరేషన్, మామూలు నొప్పి-వాపు మాత్రలతో ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మందులు కలిపి ఇవ్వడం. పళ్లు అరగదీసి కాటు సరిచేస్తే దవడ నొప్పి పోతుందని ఎవరైనా అంటే రెండో డాక్టరుని కలవండి.

మహేష్_నల్లగొండ:
సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా బావకి నోరు తెరుచుకోవడం లేదు, రెండు వేళ్లు కూడా పట్టడం లేదు, కారం తింటే నోరంతా మంట. టీఎంజే అని ఎవరో చెప్పారు. మా దగ్గర్లో ఒకచోట లైట్ పెడతామన్నారు. పెట్టించమంటారా?

డా_దంతగోదావరి:
మహేష్, మీ బావ గుట్కా, ఖైనీ, వక్కపొడి ఏమైనా నములుతారా? ఎన్నేళ్ల నుంచి?

మహేష్_నల్లగొండ:
గుట్కా అలవాటు ఉంది సార్. లారీ నడుపుతాడు, రాత్రులు నిద్ర రాకుండా వేసుకుంటాడు. చాలా ఏళ్లయింది.

డా_దంతగోదావరి:
అయితే లైట్ పెట్టించొద్దు. కీలు నొప్పికి నోరు తెరుచుకోకపోవడం వేరు, గుట్కా వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి తెరుచుకోకపోవడం వేరు. రెండోదాన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. కారం తగిలితే మంట, బుగ్గ లోపల తెల్లగా పాలిపోయి పగ్గాల్లా గట్టి చారలు, నాలుక బయటికి సరిగ్గా రాకపోవడం, ఇవి దాని లక్షణాలు. ఇది కేన్సర్‌గా మారగల జబ్బు. నోట్లో మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ ఏదున్నా ముందు బయాప్సీ కావాలి, అనుమానం ఉన్న చోట లేజర్ కాంతి పెట్టకూడదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ఓరల్ మెడిసిన్ విభాగానికి వెళ్లండి. ఈ వారంలోనే తీసుకెళ్లండి. గుట్కా ఈరోజే మాన్పించండి, తగ్గించడం కాదు, మానడం. పూర్తిగా మానకపోతే ఏ వైద్యం చేసినా జబ్బు ముదురుతూనే ఉంటుంది.

ఇదే సందర్భంలో మిగతావాళ్లకి కూడా: నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడ లాగి, ఆగితే తగ్గుతుంటే అది గుండె నొప్పి కావచ్చు, డెంటిస్టు దగ్గర కూర్చోవద్దు. 50 దాటినవాళ్లకి కొత్తగా కణతలో నొప్పి, నమిలితే దవడ అలసిపోవడం, చూపు మసకబారడం ఉంటే టెంపోరల్ ధమని వాపు కావచ్చు, ఆలస్యం చేస్తే చూపు పోతుంది, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కరెంట్ షాక్ కొట్టినట్టు క్షణాల పాటు మెరిసి పోయే నొప్పి నరం నొప్పి, దానికి మందులు వేరు. కామేశ్వరి గారూ, మీరు ముఖ్యంగా రెండోది గుర్తుపెట్టుకోండి.

కామేశ్వరి_రాజమండ్రి:
అలాగే నాయనా. నాకు చెరుకు నొప్పే, కణతలో ఏమీ లేదు. మా వియ్యపురాలికి తలనొప్పి అంటోంది ఈమధ్య, ఇవాళే ఫోన్ చేసి అడుగుతాను.

మహేష్_నల్లగొండ:
థాంక్యూ సార్. బావతో మాట్లాడాను, మొదట రానన్నాడు, అక్క ఏడ్చేసరికి ఒప్పుకున్నాడు. సోమవారం హైదరాబాద్ డెంటల్ కాలేజీకి వెళ్తున్నాం.

సింధు_వైజాగ్:
అందరికీ అప్‌డేట్. క్లినిక్‌కి ఫోన్ చేసి లత గారు చెప్పిన ప్రశ్నలు అడిగాను. తరంగదైర్ఘ్యం చెప్పలేదు, పవర్ చెప్పలేదు, "మెషీన్‌లో టీఎంజే బటన్ ఉంటుంది మేడమ్, అది నొక్కుతాం" అన్నారు. ప్యాకేజీ వద్దని చెప్పేశాను. వేరే ఓరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించుకున్నాను. ఆవిడ స్కేలు పెట్టి నోరు కొలిచారు, చెవి ముందు వేలు పెట్టి తెరవమన్నారు, బుగ్గలు, కణతలు, మెడ అన్నీ నొక్కి చూశారు, బుగ్గ మీద ఒకచోట నొక్కగానే నా పై పన్ను నొప్పి పుట్టింది, నిజంగా ఆశ్చర్యపోయాను, ఇన్నాళ్లూ పంటినొప్పి అనుకున్నది ఆ కండరంలోంచి వస్తోందట. కండరం నొప్పి ఎక్కువ, డిస్క్ కొంచెం జారి మళ్లీ ఎక్కుతోంది, ఎంఆర్ఐ ఇప్పుడు అక్కర్లేదు అన్నారు. ఫిజియో దగ్గర వ్యాయామాలు మొదలుపెట్టాను. పగలు పళ్లు బిగిస్తున్నాననేది నిజమే, స్టిక్కర్ పెట్టాక తెలిసింది, కస్టమర్ ఎదురుగా కూర్చుంటే చాలు బిగుసుకుపోతున్నాను.

ఇంకా రెండు ప్రశ్నలు. నైట్ గార్డ్ మానేయాలా, గైడ్‌లైన్‌లో వద్దని ఉందని కిరణ్ గారు అన్నారు కదా. రెండోది, ఆ ఫిజియో దగ్గర కూడా లేజర్ ఉంది, సిట్టింగ్‌కి ఎంతో అంతే కట్టొచ్చు అన్నారు, వ్యాయామంతో పాటు పెట్టించుకుంటే తప్పా?

డా_దంతగోదావరి:
నైట్ గార్డ్ మీ అంతట మీరు మానేయొద్దు. గైడ్‌లైన్ మాట్లాడింది నొప్పి తగ్గించడం గురించి. పళ్లు అరిగిపోకుండా కాపాడటం దాని రెండో పని, రాత్రి కొరికేవాళ్లకి అది కావాలి. పెట్టుకున్నప్పుడు పొద్దున కాటు మారినట్టు, పళ్లు సరిగ్గా కలవనట్టు అనిపిస్తే మాత్రం చేసినవాళ్లకి వెంటనే చూపించండి. ముందు పళ్లని మాత్రమే కప్పే చిన్న గార్డ్ అయితే అదీ చెప్పండి, అవి ఎక్కువ కాలం వాడితే కాటు మారిపోతుంది.

లేజర్ సంగతి. తప్పు కాదు, తప్పనిసరీ కాదు. నేనైతే వ్యాయామం చేయలేనంత నొప్పి ఉన్నవాళ్లకి, ఆ నొప్పి కొంత దిగితే నోరు కదిపించొచ్చు అనే ఉద్దేశంతో మాత్రమే పెడతాను, మొదటి కొన్ని సిట్టింగుల్లో తేడా లేకపోతే ఆపేస్తాను. మీరు వ్యాయామం చేయగలుగుతున్నారు కాబట్టి ముందు ఒక నెల అవి ఒక్కటే చేసి, వారానికోసారి స్కేలుతో నోరు కొలిచి రాసుకోండి. గర్భం ఉన్నా, థైరాయిడ్ గడ్డ ఉన్నా, కేన్సర్ వైద్యం జరిగి ఉన్నా, వెలుతురికి చర్మం కందిపోయే మందులు వాడుతున్నా పెట్టించుకునే ముందే చెప్పాలి.

రఘు_మియాపూర్:
డాక్టరు గారూ, ఇప్పుడు అర్థమైంది. నాకు లేజర్ పెట్టినప్పుడే నోరు తెరిచే ఎక్సర్‌సైజులు కూడా ఇచ్చారు, నొప్పి తగ్గగానే అవి మానేశాను. లత గారూ, ఆ రొకబాదో వ్యాయామాల్లో మెడవి ఎలా చేయాలో విడిగా రాస్తారా? నాకు మెడ కూడా పట్టేస్తుంది.

ఫిజియో_లత:
రాస్తాను రఘు గారూ, కొత్త పోస్టుగా పెడతాను, ఇక్కడైతే కిందికి పోతుంది. ఈలోపు లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి స్క్రీన్ కళ్ల ఎత్తుకి తెచ్చుకోండి, కీబోర్డు విడిగా కొనుక్కోండి.